ఎక్స్‌రే టెక్ చదువు గిట్టుబాటవుతుందా? అమెరికాలో అలైడ్ హెల్త్ అసోసియేట్ డిగ్రీకి పెట్టుబడి, రాబడి లెక్క

మా చెల్లెలు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, కమ్యూనిటీ కాలేజీలో ఎక్స్‌రే టెక్ కోర్సుందట. ఫీజు ఏడాదికి నాలుగు వేల డాలర్లేనట. రెండేళ్ళే చదువట. జీతం డెబ్భై ఎనిమిది వేలట. చేరిపోనా?" అంది.

ఆ "అట"ల్లో ఏదీ అబద్ధం కాదు. అయినా అన్నీ కలిపి తను మనసులో వేసుకున్న లెక్క తప్పు. ఎనిమిది వేలు పెట్టి, రెండేళ్ళు ఆగితే, ఏటా డెబ్భై ఎనిమిది వేలు ఇంటికొస్తాయని తన ఊహ. ఆ సాయంత్రం ఇద్దరం వీడియో కాల్‌లో చెరో కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఆ కాగితం మీద రాసుకున్నవే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ముందు మాటకు అర్థం. డాక్టర్లు, నర్సులు కాకుండా ఆసుపత్రిని నడిపించే మిగతా నైపుణ్యాల వాళ్ళందరినీ కలిపి అలైడ్ హెల్త్ అంటారు. ఎక్స్‌రే తీసేవాళ్ళు, అల్ట్రాసౌండ్ చేసేవాళ్ళు, వెంటిలేటర్ చూసుకునే రెస్పిరేటరీ థెరపిస్టులు, పళ్ళు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపీ అసిస్టెంట్లు, ఇలా చాలామంది. ఈ పనుల్లో చాలావాటికి నాలుగేళ్ళ డిగ్రీ అక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీలో చేసే అసోసియేట్ డిగ్రీ, ఆపైన ఒక జాతీయ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఉంటే చాలు. మన దగ్గరి పారామెడికల్ డిప్లొమా లాంటిదే కదా అనిపిస్తుంది. అయితే ఇండియాలో రేడియోగ్రఫీ డిప్లొమా చేసి వచ్చినా ఇక్కడి ఎక్స్‌రే పరీక్షకు నేరుగా కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పెట్టే ఏఆర్ఆర్‌టీ తను గుర్తించిన కోర్సు చదివినవాళ్ళనే తీసుకుంటుంది. 2015 జనవరి 1 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలన్నది కూడా దాని నియమమే.

మొదటి అడుగు: పని చేసే అనుమతి ఉందా, ఎంతకాలం ఉంటుంది

మనవాళ్ళ లెక్క ఫీజు కంటే ముందు ఇక్కడ మొదలుకావాలి. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఈ అడుగు దాటేయవచ్చు.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు వీసా మార్చుకోకుండానే ఫుల్ టైమ్ చదువుకోవచ్చు. చిక్కంతా చదువయ్యాకే వస్తుంది. ఉద్యోగం చేయాలంటే ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉండాలి. 2015 మే 26 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, హెచ్1బీ మీద పనిచేస్తున్న భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం అయివుంటే, లేదా గ్రీన్ కార్డు ప్రక్రియ వల్ల ఆరేళ్ళు దాటి పొడిగింపు వచ్చివుంటే, వాళ్ళ జీవిత భాగస్వామికి ఆ కార్డుకు అర్హత ఉంటుంది. ఐ-140 ఇంకా కాకపోతే మీ భాగస్వామి కంపెనీ ఎప్పుడు మొదలుపెడుతుందో కనుక్కోండి. అది తెలియకుండా చదువు మొదలుపెడితే గోడకు తగిలించుకునే డిగ్రీ మాత్రమే మిగలవచ్చు.

"ఆసుపత్రి వాళ్ళే హెచ్1బీ చేయిస్తార్లే" అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినిపిస్తుంది. నమ్మకండి. హెచ్1బీ రావాలంటే ఆ ఉద్యోగానికే కనీసం బ్యాచిలర్ డిగ్రీ అవసరమై ఉండాలి. అసోసియేట్ డిగ్రీతో చేరే ఉద్యోగం మామూలుగా ఆ గడప దాటదు. మీకు బీటెక్ ఉందా, ఎంటెక్ ఉందా అని కాదు, ఆ ఉద్యోగానికి ఏం కావాలని చూస్తారు. ఎఫ్1 విద్యార్థి వీసా మీద ఎమ్మెస్ చేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) వాడేసుకున్నవాళ్ళకు ఇంకో సంగతి: అంతకంటే కింది స్థాయి డిగ్రీ చేస్తే మళ్ళీ ఓపీటీ రాదు.

ఈఏడీ ఉన్నవాళ్ళకూ పూర్తి నిశ్చింత లేదు. 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్ దరఖాస్తులకు ఇదివరకటి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువు తీరేలోగా కొత్త కార్డు రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. అందుకే హెచ్4 ఈఏడీ మీద ఉన్నవాళ్ళకు నేను ఏడాది రాబడిని పన్నెండు నెలలకు కాకుండా పది నెలలకు కూడా వేసి చూడమంటాను. కొంచెం పిసినారి లెక్కే, కానీ టెన్షన్ తగ్గుతుంది.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళు ఒక ప్రశ్న ముందే అడగాలి: క్లినికల్స్‌కు, అంటే కోర్సులో భాగంగా రోగుల దగ్గర చేసే శిక్షణకు, పంపే ఆసుపత్రులు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఆ నంబరు అడుగుతాయా, రాష్ట్ర లైసెన్సు దరఖాస్తులో అడుగుతారా? కోర్సు మధ్యలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండో అడుగు: మీకు అసలు ఈ డిగ్రీ అవసరమా

ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్ళు చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే అప్లికేషన్ పెట్టేస్తారు.

బీఎస్సీ మైక్రోబయాలజీయో బయోకెమిస్ట్రీయో చేసి ల్యాబ్ పని చేయాలనుకుంటే, అసోసియేట్ స్థాయి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కంటే ముందు ఆ డిగ్రీని మదింపు చేయించండి. ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీతో సమానమని తేలితే, డిగ్రీ అయినవాళ్ళ కోసం ఏడాది పాటు నడిచే మెడికల్ ల్యాబ్ సైంటిస్ట్ సర్టిఫికెట్ కోర్సుల్లో సీటుకు ప్రయత్నించవచ్చు. అది తక్కువ కాలంలో అయిపోతుంది, హోదా ఒక మెట్టు పైన, జీతమూ ఎక్కువ. బ్యాచిలర్స్ ఉండి కింది మెట్టు మీద రెండేళ్ళు కూర్చోవడం ఎందుకు?

బీఫార్మసీ వాళ్ళ బాధ వేరు. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందిన విదేశీ ఫార్మసిస్టులకు ఐదేళ్ళ చదువు ఉండాలన్నది ఇక్కడి నియమం. మన నాలుగేళ్ళ బీఫార్మసీ అందులో ఇమడదు. ఆరేళ్ళ ఫార్మ్‌డీ ఇముడుతుంది. దాంతో బీఫార్మసీ చేసినవాళ్ళు చాలామంది ఫార్మసీ టెక్నీషియన్‌గా కౌంటర్ వెనక తేలతారు. ఆ పనికి అసోసియేట్ డిగ్రీ అక్కర్లేదు, చేసినా జీతం పెద్దగా పెరగదు. కెమిస్ట్రీ, అనాటమీ పునాది ఎలాగూ ఉంది కాబట్టి రెస్పిరేటరీ, అల్ట్రాసౌండ్ వంటి వాటిని చూడటం మేలు.

ఇంకా ఒక మాట. ఉస్మానియా, ఆంధ్ర, జేఎన్‌టీయూ, ఎక్కడ చదివినా ట్రాన్స్‌క్రిప్టులు సీలు కవరులోనో నేరుగా యూనివర్సిటీ నుంచో తెప్పించడం నెలల పని. ఊళ్ళో ఉన్న తమ్ముణ్ణో బావగారినో ఇప్పుడే పురమాయించండి. మదింపు కోర్సులవారీగా చేయించుకుంటేనే ఇంగ్లీషు, లెక్కలు వంటి కొన్ని సబ్జెక్టులు ఇక్కడ తగ్గే అవకాశం ఉంటుంది.

మూడో అడుగు: జీతాన్ని సరైన చోట చూడటం

కాలేజీ బ్రోషర్లో ఉన్న జీతం చూడకండి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రతి వృత్తికీ మధ్యస్థ వేతనం ప్రకటిస్తుంది. ఆ పనిలో ఉన్న అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి జీతమన్నమాట. 2024 మే నాటి అంకెలు సుమారుగా ఇవి: డెంటల్ హైజీనిస్టుకు 94 వేల డాలర్లు, అల్ట్రాసౌండ్ చేసే సోనోగ్రాఫర్‌కు 89 వేలు, రెస్పిరేటరీ థెరపిస్టుకు 80 వేలు, ఎక్స్‌రే టెక్‌కు 78 వేలు, ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటుకు 68 వేలు, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంటుకు 65 వేలు. మెడికల్ అసిస్టెంటుకు 44 వేలు. రక్తం తీసే ఫ్లెబోటమిస్టుకూ, ఫార్మసీ టెక్నీషియన్‌కూ దాదాపు అంతే. రేడియేషన్ థెరపిస్టుకు లక్ష దాటుతుంది, కానీ ఆ ఉద్యోగాలూ తక్కువ, కోర్సులూ తక్కువ.

ఈ వరసలోనే పెద్ద గొయ్యి ఒకటుంది చూడండి. పై ఆరూ ఒక గట్టున ఉన్నాయి, కింది మూడూ ఇంకో గట్టున. అన్నింటినీ "హెల్త్‌కేర్ కెరీర్" అని ఒకే పోస్టరు మీద వేసి అమ్ముతారు. మెడికల్ అసిస్టెంటు కావడానికి ఏడాది లోపు సర్టిఫికెట్ చాలు. దానికి రెండేళ్ళ డిగ్రీ అమ్మే కాలేజీ మీ మంచి కోరడం లేదు.

మధ్యస్థం లెక్కలో పదేళ్ళకు పైబడిన అనుభవం ఉన్నవాళ్ళూ ఉంటారు. కొత్తగా చేరేవాళ్ళు అదే సంస్థ పట్టికలో పాతికో శాతం దగ్గరి అంకె, అంటే ఆ వరసలో కింది నుంచి పావు వంతు దగ్గర నిలబడిన మనిషి జీతం, చూడాలి. మీ రాష్ట్రం, వీలైతే మీ నగరం అంకె చూడాలి. ఎక్స్‌రే టెక్‌కు కాలిఫోర్నియాలో సగటు లక్ష దాటితే, అలబామా, మిసిసిపీల్లో అరవై వేల చుట్టుపక్కలే. ఆపైన మీ ఊరి ఆసుపత్రుల వెబ్‌సైట్లలో ఉద్యోగ ప్రకటనలు ఒక నెల పాటు చూస్తూ ఉండండి. ఎన్ని ఫుల్ టైమ్, ఎన్ని "పిలిస్తే రావాలి" రకం, ఎన్ని రాత్రి డ్యూటీలు అన్నవి రాసుకోండి. కొత్తవాళ్ళకు మొదటి ఏడాది దొరికేవి ఎక్కువగా రాత్రులూ వారాంతాలే. డెంటల్ హైజీనిస్టుల జీతం ఊరిస్తుంది గానీ, వాళ్ళలో చాలామంది పార్ట్ టైమే చేస్తారు. చిన్న క్లినిక్‌లలో ఇన్సూరెన్స్ వంటి సౌకర్యాలు ఉండకపోవచ్చు. ఇంట్లో భర్త కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే అది పెద్ద లోటు కాదు. ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లికి మాత్రం అదే అసలు ప్రశ్న.

నాలుగో అడుగు: "రెండేళ్ళు" అంటే ఎన్నేళ్ళో లెక్కపెట్టడం

రెండేళ్ళన్నది ప్రోగ్రాంలో సీటు వచ్చాక ఉండే కాలం. దానికి ముందు ప్రీరిక్విజిట్లు ఉంటాయి: అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు ల్యాబుతో సహా, కాలేజీ ఆల్జీబ్రా, ఇంగ్లీషు కాంపోజిషన్, కొన్నింటికి మైక్రోబయాలజీ. చిన్నపిల్లలున్న ఇంట్లో సెమిస్టరుకు రెండు సబ్జెక్టులకు మించి నెట్టుకురావడం కష్టం. కాబట్టి ఏడాది, ఏడాదిన్నర వాటికే పోతుంది. చాలా కాలేజీల్లో సైన్స్ సబ్జెక్టులకు ఐదేళ్ళ కాలపరిమితి పెడతారు. ఎప్పుడో చదివింది చెల్లదు.

తర్వాత పోటీ. బ్యాచ్‌కు ఇరవై ముప్ఫై సీట్లే ఉంటాయి, ఎందుకంటే ఆసుపత్రుల్లో క్లినికల్స్‌కు చోటు అంతే. మార్కులకు పాయింట్లు, టీస్ లేదా హెసీ ప్రవేశ పరీక్షకు పాయింట్లు. మన ఎంసెట్ చూసినవాళ్ళకు ఆ పరీక్ష భయపెట్టదు గానీ, అనాటమీలో ఒక 'బీ' గ్రేడు వస్తే సీటు జారిపోయే చోట్లున్నాయి. ఈసారి రాకపోతే ఏడాది ఆగాలి. మా కాగితం మీద మూడేళ్ళు రాశాం, పక్కన ప్రశ్నార్థకం పెట్టి నాలుగు అనీ రాశాం.

ఐదో అడుగు: ఖర్చు

ఇక్కడ తాపీగా కూర్చోండి. ఫీజు అన్నింటిలోకీ పెద్ద అంకె అనుకుంటాం. కాదు.

సొంత జిల్లా విద్యార్థికి ప్రభుత్వ రెండేళ్ళ కాలేజీల్లో దేశవ్యాప్త సగటు ఫీజు, కాలేజ్ బోర్డు లెక్క ప్రకారం, 2024-25లో ఏడాదికి 4,050 డాలర్లు. కాలిఫోర్నియాలో రెసిడెంట్లకు యూనిట్‌కు 46 డాలర్లే. "సొంత జిల్లా" అన్న మాట గుర్తుంచుకోండి. పక్క కౌంటీ కాలేజీలో చేరితే ఫీజు పెరుగుతుంది, వేరే రాష్ట్రం లెక్కలో వేస్తే రెండు మూడింతలవుతుంది. టెక్సాస్ వంటి చోట్ల హెచ్4 వాళ్ళనూ ఏడాది స్థిరనివాసం చూపితే రెసిడెంటుగానే తీసుకుంటారు. ఎఫ్1 వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. ఇల్లు మారే ఆలోచన ఉంటే కాలేజీ జిల్లా హద్దులు చూసి మారండి.

ఇక చిల్లర ఖర్చులు: పుస్తకాలు, స్క్రబ్స్, బూట్లు, డ్రగ్ టెస్ట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, సీపీఆర్ కార్డు, టీకాల రుజువులు, చివర పరీక్ష, లైసెన్సు. డెంటల్ హైజీన్‌కు పరికరాల కిట్ అదనం, అది చిల్లర కాదు, వేలల్లోనే. మనవాళ్ళకు ప్రత్యేకమైన తంటా ఒకటుంది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్ళకు చర్మం మీద చేసే టీబీ టెస్టు పాజిటివ్ చూపించవచ్చు. అలా వస్తే ఛాతీ ఎక్స్‌రేలు, డాక్టరు చీటీలు, హడావిడి. మొదటే రక్తపరీక్ష చేయించుకుంటానని అడగండి, బీసీజీ దాన్ని తికమక పెట్టదు.

మా చెల్లెలి కాగితం ఇలా తయారైంది. ఫీజు తప్ప మిగతావి దాని ఇంటి పరిస్థితిని బట్టి మేం వేసుకున్న అంచనాలు, మీ ఇంటి అంకెలు పెట్టుకోండి.

ఫీజు, మూడేళ్ళకు: 12,150
పుస్తకాలు, చిల్లర ఖర్చులు, పరీక్ష, లైసెన్సు: 3,500
రెండో కారు పెట్రోలు, ఇన్సూరెన్సు, నెలకు 150 చొప్పున రెండేళ్ళు: 3,600
చిన్నోడి డేకేర్, నెలకు 1,200 చొప్పున రెండేళ్ళు: 28,800
వదులుకునే జీతం: 22,500

మొత్తం 70,550 డాలర్లు. అందులో ఫీజు ఐదో వంతు కూడా లేదు.

వదులుకునే జీతమంటే: తను ఇప్పుడు ఒక షాపులో వారానికి ఇరవై గంటలు, గంటకు 16 డాలర్లకు చేస్తోంది. ఏడాదికి యాభై వారాలకు 16,000. పన్నులు పోను 11,250 మిగులుతుంది. ప్రీరిక్విజిట్లు సాయంత్రాలు చదువుతూ ఆ పని చేసుకోవచ్చు. ప్రోగ్రాం మొదలయ్యాక కుదరదు. వారంలో మూడు నాలుగు రోజులు పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, దానికి జీతం ఇవ్వరు. పనికి అనుమతి లేక ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ పద్దు సున్నా. కంప్యూటర్ ఉద్యోగం మానేసి ఇటు రావాలనుకునేవాళ్ళకు ఈ ఒక్క పద్దే మిగతావాటన్నిటినీ మింగేస్తుంది.

"డేకేర్ ఎందుకు, అమ్మానాన్నలొస్తారుగా" అంది చెల్లెలు. వస్తారు. చుట్టపుచూపు వీసా మీద ఆరు నెలలు ఉంటారు. క్లినికల్స్ ఇరవై నెలలకు పైగా ఉంటాయి. మధ్యలో నాన్న షుగరు, అమ్మ మోకాళ్ళు, టెక్సాస్ ఎండలో ఎటూ నడిచిపోలేని విసుగు. వాళ్ళు ఉన్న నెలల్లో మిగిలేది బోనస్ అనుకోమన్నాను. కాగితం మీద మాత్రం పూర్తి డేకేర్ రాయించాను.

ఆరో అడుగు: చేతికొచ్చేది ఎంత

కొత్త ఎక్స్‌రే టెక్‌కు గంటకు 28 డాలర్లని జాగ్రత్తగా అనుకున్నాం. ఏడాదికి 2,080 గంటలకు 58,240. ఇంక పన్ను చూడండి. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే రెండో జీతం మొదటి జీతం మీద పేరుకుంటుంది. మరిదిగారి జీతం లక్షన్నర. అంటే చెల్లెలి మొదటి డాలరు నుంచే 22 శాతం స్లాబు. దాని పైన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి అక్కడితో ఆగింది. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో అయితే ఇంకా పోతుంది. మిగిలింది సుమారు 40,970.

అది మొత్తం రాబడి కాదు. ఈ చదువు లేకపోయినా షాపులో వచ్చే 11,250 తీసేయాలి. స్కూలయ్యాక పిల్లల్ని చూసుకునే చోటికి నెలకు 600 చొప్పున 7,200, కారుకు 1,800 తీసేయాలి. నికరంగా ఈ డిగ్రీ తెచ్చిపెట్టేది ఏడాదికి దాదాపు 20,700. "డెబ్భై ఎనిమిది" అన్న మాట దగ్గర మొదలై ఇక్కడికొచ్చేసరికి చెల్లెలి ముఖం చూడాలి.

70,550ని 20,700తో భాగిస్తే దాదాపు మూడేళ్ళ ఐదు నెలలు. చదువు మొదలుపెట్టిన రోజు నుంచి ఆరున్నరేళ్ళకు పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. ఆ తర్వాతదంతా మిగులే. తన వయసు ముప్ఫై రెండు. ఇంకో పాతికేళ్ళు పనిచేయగలదు కాబట్టి ఇది మంచి బేరమే. యాభై దాటినవాళ్ళకు ఇవే అంకెలు వేరే మాట చెబుతాయి.

ఏడో అడుగు: అదే లెక్కను కాస్త వంచి చూడటం

అంకెలు మారిస్తే ఏమవుతుందో చూడకుండా లెక్కను నమ్మకండి. మేం మూడు రకాలుగా వంచి చూశాం.

ఈఏడీ ఖాళీల భయంతో ఏడాదికి పది నెలల పనే అనుకుంటే, షాపు జీతాన్ని కూడా పది నెలలకే తగ్గించినా, డబ్బు తిరిగిరావడానికి ఉద్యోగంలో చేరాక నాలుగున్నరేళ్ళు పడుతుంది. ఫర్వాలేదు.

సీటు కోసం ఆగడం ఇష్టం లేక 45,000 తీసుకునే ప్రైవేటు కాలేజీలో చేరితే ఖర్చు లక్ష దాటుతుంది, ఐదేళ్ళు పడుతుంది. ఇందులో ఒక న్యాయమైన మెలిక ఉంది: ప్రభుత్వ కాలేజీలో సీటు కోసం రెండేళ్ళు ఆగాల్సివస్తే, ఆ రెండేళ్ళ నికర రాబడి 41,400 పోయినట్టే కదా? అప్పుడు ప్రైవేటు ఫీజులో ఉన్న 32,850 తేడా మరీ ఘోరంగా కనిపించదు. గుర్తింపు, ఉత్తీర్ణత రెండూ బాగున్న ప్రైవేటు కాలేజీ అయితేనే ఈ వాదన నిలుస్తుంది.

మూడోది మెడికల్ అసిస్టెంటు. గంటకు 18 డాలర్లు, అవే ఖర్చులు, అదే రెండేళ్ళ డిగ్రీ. పన్నులు, షాపు జీతం, పిల్లల ఖర్చు, కారు తీసేస్తే ఏడాదికి మిగిలేది ఆరు వేల పైచిలుకు. డబ్బు తిరిగిరావడానికి పదకొండేళ్ళు దాటుతుంది. ఆ కాగితాన్ని అక్కడే చింపేశాం.

ఎనిమిదో అడుగు: కాలేజీని పరీక్షించడం

కాలేజీకి గుర్తింపు ఉంటే చాలదు, ఆ ప్రోగ్రాంకు విడిగా గుర్తింపు ఉండాలి. ఎక్స్‌రేకు జేఆర్‌సీఈఆర్‌టీ, రెస్పిరేటరీకి కోఆర్క్, డెంటల్ హైజీన్‌కు కోడా, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంటుకు క్యాప్టీ, ల్యాబ్‌కు నాక్ల్స్. ఆ సంస్థ సైట్లోకి వెళ్ళి కాలేజీ పేరు మీరే వెతకండి. "గుర్తింపుకు దరఖాస్తు చేశాం" అన్న మాటకు ఒక్క డాలరు కూడా కట్టకండి.

జేఆర్‌సీఈఆర్‌టీ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలు తమ ఫలితాలను బహిరంగంగా పెట్టాలి. ఐదేళ్ళ సగటున మొదటి ప్రయత్నంలో పరీక్ష పాసైనవాళ్ళు 75 శాతానికి, ఏడాదిలోపు ఉద్యోగం దొరికినవాళ్ళు 75 శాతానికి తగ్గకూడదన్నది దాని కొలబద్ద. మంచి కమ్యూనిటీ కాలేజీలు తొంభైల్లో ఉంటాయి. అందరూ ఈ రెండు అంకెలు చూసి తృప్తిపడతారు. నేను చూసేది మూడోది: చేరినవాళ్ళలో పూర్తిచేసినవాళ్ళు ఎంతమంది? పదిమందిలో ముగ్గురు మధ్యలో రాలిపోయే చోట, ఆ ముగ్గురి ఖర్చు పూర్తిగా ఖర్చే. డేకేర్ దెబ్బతో మానేసినవాళ్ళు, లెక్కల్లో తప్పినవాళ్ళు, రోగిని ఎత్తలేక నడుం పట్టేసినవాళ్ళు ఆ ముగ్గురిలోనే ఉంటారు.

విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్లో కాలేజీ పేరు కొడితే ప్రోగ్రాంల వారీగా పట్టభద్రుల సంపాదన, అప్పు కనిపిస్తాయి. లాభాపేక్ష కాలేజీలైతే తప్పనిసరిగా చూడండి. మెడికల్ అసిస్టెంటు వంటి కోర్సులు జోరుగా అమ్మిన కొరింథియన్ గొలుసు 2015లో మూతపడింది, ఐటీటీ టెక్ 2016లో మూతపడింది. విద్యార్థులు నడిరోడ్డు మీద నిలబడ్డారు.

సమాచార సదస్సుకు వెళ్ళినప్పుడు క్లినికల్ ఆసుపత్రులు ఎక్కడెక్కడ ఉన్నాయో అడగండి. ఎడిసన్‌లో ఉన్న మిడిల్‌సెక్స్ కాలేజీ అయినా, మెకిన్నీ వైపు కాలిన్ కాలేజీ అయినా, క్లాసు ఇంటి పక్కనే ఉండొచ్చు గానీ, క్లినికల్స్‌కు ఏ ఆసుపత్రి పడుతుందో మన చేతిలో ఉండదు. పొద్దున ఆరింటికి ఇల్లు వదలాలంటే డేకేర్ అప్పటికి తెరుస్తుందా?

తొమ్మిదో అడుగు: డబ్బు ఎక్కడి నుంచి

ఇది త్వరగా ముగించవచ్చు. హెచ్4, ఎఫ్1 వాళ్ళకు కేంద్ర ప్రభుత్వ సాయం లేదు. సిటిజన్లకు, గ్రీన్ కార్డు వాళ్ళకు ఫాఫ్సా అనే ఆర్థిక సాయం దరఖాస్తు మీద పెల్ గ్రాంటు రావచ్చు. 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు, కమ్యూనిటీ కాలేజీ ఫీజు మొత్తం తీరిపోయేంత. అయితే బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్ళకు పెల్ రాదు, ఆ డిగ్రీ ఇండియాది అయినా సరే. మూడేళ్ళ డిగ్రీ బ్యాచిలర్స్‌తో సమానమా కాదా అన్నది కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు తేలుస్తుంది. ఫారంలో డిగ్రీ లేదని రాయమని సలహాలిచ్చేవాళ్ళుంటారు. ఇమిగ్రేషన్ ఫైలు ఇంకా తెరిచివున్నవాళ్ళు అలాంటి పని అస్సలు చేయకండి.

పన్ను క్రెడిట్ల దగ్గర తల్లికీ పిల్లకీ తేడా ఉంది. ఇక్కడే హైస్కూలు పూర్తిచేసి మొదటిసారి కాలేజీలో చేరిన అమ్మాయికైతే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ ఏడాదికి 2,500 వరకు వస్తుంది. 4,050 ఫీజు మీద చూస్తే అసలు ఖర్చు 1,550 అయినట్టు. ఇండియాలో నాలుగేళ్ళ డిగ్రీ అయినవాళ్ళకు మిగిలేది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్, ఫీజులో 20 శాతం, అంటే 810. దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటితే రెండూ తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతాయి. 2026 ఆదాయం నుంచి విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండాలి. పిల్లల పేరున 529 ఖాతా (చదువు కోసం పొదుపు చేసే ఖాతా) ఉంటే లబ్ధిదారుగా అమ్మ పేరు మార్చుకోవచ్చు. ఈ ఆలోచన మా మరిదిగారికి బొత్తిగా నచ్చలేదు.

ఉద్యోగంలో చేరాక ఆసుపత్రి ఇచ్చే చదువు సాయం ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా తీసుకోవచ్చు. సీటీ, ఎంఆర్ఐ అదనపు సర్టిఫికెట్లు, తర్వాత బ్యాచిలర్స్, ఆ డబ్బుతో కానివ్వొచ్చు. ఎంఆర్ఐ టెక్నాలజిస్టుకు మధ్యస్థం 88 వేలు. ఎక్స్‌రేతో మొదలుపెట్టినవాళ్ళకు అది పదివేల పైమెట్టు.

చివరి పరీక్ష కాగితం మీద చేసేది కాదు. ఆసుపత్రిలో ఒక రోజు నీడలా తిరిగి చూసే అవకాశం చాలా ప్రోగ్రాంలు ఇస్తాయి, కొన్ని అడుగుతాయి కూడా. మా చెల్లెలు ఎనిమిది గంటలు నిలబడి, సీసపు ఆప్రాన్ వేసుకుని, తూలిపోతున్న ఒక ముసలాయనను టేబుల్ మీదికి మార్చడం చూసి వచ్చింది. "బీటెక్ చదివి ఎక్స్‌రేలు తీయడమా" అని అత్తగారు ఫోన్లో అన్నారట. అది తర్వాత చూసుకుందాం అంది. వచ్చే సెమిస్టరు సాయంత్రం బ్యాచ్‌లో అనాటమీ మొదటి భాగానికి డబ్బు కట్టేసింది. అమ్మానాన్నల టికెట్లు మాత్రం ఇప్పుడే తీయొద్దని చెప్పాను, సీటు వచ్చి క్లినికల్స్ తేదీ తెలిశాకే.